కోఠీలో కెమేరా వేట

"ఒరేయ్ తమ్ముడూ, నువ్వు సినిమా పత్రికల్లో రాస్తావు గదా! కెమేరాల సంగతి నీకు తెలీకపోతే ఇంకెవడికి తెలుస్తుందిరా?"

పెడన నుంచి మా అక్క ఫోను. సినిమా పత్రికల్లో రాసేవాడికి కెమేరాలు తెలుస్తాయనుకోవడం, కిళ్ళీ కొట్టువాడికి తమలపాకు తోట పెంచడం తెలుసుననుకోవడం లాంటిదే! కానీ ఆ మాట మా అక్కతో అనే ధైర్యం నాకు లేదు. అందుకని "పంపించు, నేను చూసుకుంటా" అన్నాను. ఫోను పెట్టేశాక గాని చెమట పట్టలేదు.

విషయం ఏమిటంటే, మా మేనల్లుడికి పందొమ్మిదేళ్ళు. బందరులో డిగ్రీ రెండో సంవత్సరం. వాడికి సినిమాల్లో స్టిల్ ఫొటోగ్రాఫర్ కావాలని కోరిక. అక్క యాభై వేల చీటీ వేసి, పది వేలు నష్టానికి పాడుకుని, నలభై వేలు చేతిలో పట్టుకుంది. ఇంకా పధ్నాలుగు నెలలు, నెలకి రెండున్నర వేల చొప్పున కట్టాలి. మా బావ కలంకారీ అచ్చు పనివాడు. చెక్క అచ్చు గుడ్డ మీద పెట్టి, పిడికిలితో మోదుతూ పాతికేళ్ళుగా బతుకుతున్నాడు. ఆ నలభై వేలు ఎన్ని వేల పిడికిలి దెబ్బలో మీరే లెక్క వేసుకోండి!

చెమట పట్టడానికి ఇంకో కారణం కూడా ఉంది. పన్నెండేళ్ళ క్రితం, బి.ఏ. పూర్తి చేసి, సంచి తగిలించుకుని పత్రికల చుట్టూ తిరగడం మొదలెట్టిన కొత్తల్లో, నేనూ ఒక డిజిటల్ కెమేరా కొన్నాను. "ముప్ఫై రెట్ల జూమ్" అని డబ్బా మీద పెద్ద అక్షరాలు. బిల్లు లేకపోతే పదిహేను వందలు తక్కువన్నాడు షాపువాడు. తక్కువంటే మనకి లోకువా? కొనేశాను. ఆరు నెలలకి దాని లెన్స్ బయటికి వచ్చింది, లోపలికి పోలేదు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, ఇది మన దేశంలో అమ్మిన సరుకు కాదు, వారంటీ లేదు పొమ్మన్నారు. ఆ కెమేరా ఇప్పటికీ నా అల్మారాలో నోరు తెరుచుకునే ఉంది.

ఈసారి డబ్బు నాది కాదు. తప్పు చేస్తే పెడన వెళ్ళి మొహం చూపించలేను.

ఇమ్లీబన్‌లో తెల్లవారుజాము

మార్చి నెల, శనివారం. తెల్లవారుజామున అయిదు గంటలకి ఇమ్లీబన్ బస్‌స్టాండులో బందరు బస్సు దిగాడు మావాడు. ఒక చేతిలో బందరు లడ్డూల డబ్బా, రెండో చేయి చొక్కా లోపలి జేబు మీద. నలభై వేలూ అక్కడే ఉన్నాయని బస్‌స్టాండులో చూసినవాళ్ళందరికీ తెలిసిపోతోంది!

"చెయ్యి తీయరా, నువ్వే దొంగని పిలుస్తున్నట్టుంది" అన్నాను.

బయటికి వచ్చి ఇరానీ హోటల్లో కూర్చున్నాం. రెండు చాయ్, నాలుగు ఉస్మానియా బిస్కెట్లు. వాడు ఫోను తీసి, రాసుకొచ్చిన జాబితా చదవడం మొదలెట్టాడు. ఫుల్ ఫ్రేమ్ ఉండాలి. నలభై మెగాపిక్సెల్ దాటాలి. ఫోర్‌కే వీడియో ఉండాలి. సెకనుకి పది ఫొటోలు తీయాలి.

"ఇవన్నీ ఎందుకురా?"

"ఉంటే మంచిది గదా మావయ్యా!"

"సరే. ఇంతకీ నువ్వు దేన్ని ఫొటో తీద్దామనుకుంటున్నావు?"

వాడు ఆలోచనలో పడ్డాడు. బిస్కెట్టు చాయ్‌లో మునిగి విరిగిపోయింది గాని, జవాబు రాలేదు.

పాఠకుల్లో కొత్తగా కెమేరా కొనబోయేవాళ్ళుంటే, ఆ జాబితాలోని మెగాపిక్సెళ్ళ మాట మాత్రం ఇక్కడే తేల్చేసుకుందాం. పత్రికలో ఒక నిండు పేజీ బొమ్మ ఎనిమిది అంగుళాల వెడల్పు, పన్నెండు అంగుళాల ఎత్తు అనుకోండి. మంచి ముద్రణకి అంగుళానికి 300 చుక్కలు చాలు. 2400ని 3600తో హెచ్చిస్తే 86 లక్షల 40 వేల చుక్కలు. అంటే తొమ్మిది మెగాపిక్సెళ్ళు కూడా నిండలేదు! ఈ పదేళ్ళలో వచ్చిన లెన్స్ మార్చుకునే కెమేరాల్లో చవకైన వాటికి కూడా సాధారణంగా ఇరవై పైనే ఉంటున్నాయి. కాబట్టి ఆ అంకె చూసి మురిసిపోవలసిన అవసరం ఎవరికీ లేదు.

గుజరాతీ గల్లీ గారడీ

కోఠీ అంటే పెద్ద భవనమని అర్థం. ఆ పేటకి పేరు తెచ్చింది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. తెల్లటి స్తంభాల ఆ భవనం ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉంది. దానికి కొంచెం ఎడంగా, సుల్తాన్ బజార్ రద్దీలో నుంచి నెట్టుకుంటూ పోతే గుజరాతీ గల్లీ వస్తుంది. ఎదురెదురుగా ఇద్దరు మనుషులు వస్తే ఒకరు పక్కకి ఒరగాలి. కానీ స్పీకర్లు, సీసీ కెమేరాలు, స్టాండ్లు, ఫ్లాష్ లైట్లు, ఆ ఇరుకులో లేని వస్తువు లేదు!

ఈ ఊరికి కెమేరా కొత్త కాదు. ఇండోరులో పబ్లిక్ వర్క్స్ ఉద్యోగం చేస్తూ ఫొటోలు నేర్చుకున్న రాజా దీన్‌దయాళ్ 1886లో సికిందరాబాదులో స్టూడియో తెరిచారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌కి ఆస్థాన ఛాయాగ్రాహకుడై "ముసవ్వర్ జంగ్" బిరుదు పొందారు. అప్పట్లో బొమ్మ గాజు పలక మీద పడేది. ఒక్కో బొమ్మకి ఒక్కో పలక! ఈ గల్లీలో గోరంత కార్డు మీద వేల బొమ్మలు పడతాయి. పలక బరువు తగ్గింది గాని, ఏ బొమ్మ తీయాలన్న బరువు మాత్రం అలాగే ఉంది.

మొదటి షాపులోకి అడుగు పెట్టామో లేదో, "ఆయియే సాబ్, క్యా హోనా?" అని కుర్రవాడు అద్దాల బల్ల మీద మూడు కెమేరాలు వరసగా పేర్చాడు. మావాడి మొహం పెళ్ళిపందిట్లో దీపంలా వెలిగిపోయింది.

చిన్న మిర్రర్‌లెస్ కెమేరా, రెండు లెన్సులతో కలిపి డెబ్భై అయిదు వేలు. "చేతిలో నలభై ఉన్నాయా? ఫికర్ మత్ కరో. మిగతాది నెలనెలా కట్టుకోవచ్చు" అన్నాడు కుర్రవాడు. సంచి ఫ్రీ. ట్రైపాడ్ ఫ్రీ. మావాడు నా వంక చూశాడు. ఆ చూపులో ఉన్న ఆశ చూస్తే రాయి కూడా కరుగుతుంది. నాకు మాత్రం నెలనెలా అక్క కట్టాల్సిన చీటీ కనిపించింది. దాని పక్కన ఇంకో వాయిదా! నా మటుకు నేను సంతకం పెట్టలేను.

"ఇవాళ కొనడం లేదు" అన్నాను.

"మావయ్యా!"

"కొనం. అద్దెకి తీసుకుంటాం."

మీరూ ఇది గుర్తుంచుకోండి. పెళ్ళిళ్ళ సీజనులో కెమేరాలు అద్దెకిచ్చే చోట్లు ఈ నగరంలో కొల్లలు. గుర్తింపు కార్డు చూపించి, కొంత డిపాజిట్టు కడితే రోజు అద్దెకి దొరుకుతాయి. కొనే ముందు ఒక్క రోజు చేతిలో పెట్టుకు తిరిగితే, షాపులో గంటసేపు విన్న ఉపన్యాసం కన్నా ఎక్కువే బోధపడుతుంది. రెండు తీసుకున్నాం. ఒకటి కొత్త రకం మిర్రర్‌లెస్. రెండోది 2018లో వచ్చిన నికాన్ డీ 3500. ఇది డీఎస్ఎల్ఆర్, అంటే లోపల అద్దం ఉండే పాత రకం. కంపెనీ ఇప్పుడు దీన్ని తయారు చేయడం లేదు. వీటికి తోడు 35 మిల్లీమీటర్ల చిన్న లెన్స్ ఒకటి. ఆ లెన్స్ చూసి మావాడు పెదవి విరిచాడు. "ఇది జూమ్ అవదు గదా మావయ్యా!"

"నీకు కాళ్ళున్నాయి గదరా!" అన్నాను.

చార్మినార్ ముందు పరీక్ష

ఆటో నయాపుల్ దాటి, మదీనా దాటి, పత్తర్‌గట్టీ మీదుగా గుల్జార్ హౌజ్ దగ్గర దింపింది. 1591 నాటి చార్మినార్ ఎదురుగా నిలబడితే ఎవడైనా ముందు దాన్నే తీస్తాడు. మావాడూ తీశాడు. రెండు కెమేరాలతోనూ తీశాడు. ఫోనుతోనూ తీశాడు. మూడూ పక్కపక్కన పెట్టి చూశాం. మధ్యాహ్నపు ఎండలో మూడూ ఒక్కలాగే ఉన్నాయి!

"ఫోనుతో పోయేదానికి నలభై వేలు ఎందుకు మావయ్యా?" వాడి గొంతులో దిగులు.

మంచి ప్రశ్నే. పట్టపగలు, ఎదురుగా కదలకుండా నిలబడ్డ కట్టడానికి ఫోను చాలు. ఇందులో దాపరికం లేదు. తేడా వెలుతురు తగ్గినప్పుడూ, మనిషి కదిలినప్పుడూ తెలుస్తుంది. కెమేరాలో వెలుతురు పట్టే పలకని సెన్సర్ అంటారు. ఫుల్ ఫ్రేమ్‌లో అది 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు. మొదటి కెమేరాగా ఎక్కువమంది కొనే ఏపీఎస్-సీ రకంలో సుమారు 23 వెడల్పు, 15 ఎత్తు. ఫోనులో వేలిగోరంత. వానలో పళ్ళెం పెడితే ఎక్కువ నీళ్ళు పడతాయా, గ్లాసు పెడితేనా? అంతే సూత్రం! పళ్ళెం పెద్దదయ్యేకొద్దీ ధర, బరువు కూడా పెరుగుతాయి. నేర్చుకునేవాడికి మధ్య రకం చాలు.

ఎండలో తిరుగుతూ మరో రెండు సంగతులు తెలుసుకున్నాం. మిర్రర్‌లెస్‌లో, మీట నొక్కకముందే బొమ్మ ఎంత వెలుగుగా వస్తుందో కళ్ళకి కనిపిస్తుంది. కొత్తవాడికి అది పెద్ద సాయం. డీఎస్ఎల్ఆర్‌లో అద్దం చూపించేది ఉన్న దృశ్యాన్నే. బొమ్మ చీకటైందో తెల్లబోయిందో తీశాక గాని తెలియదు. అయితే సాయంత్రం నాలుగయ్యేసరికి మిర్రర్‌లెస్ బ్యాటరీ ఎర్రగుర్తు చూపించింది. డీ 3500కి మాత్రం చలనం లేదు. ఒక్క ఛార్జింగ్‌తో 1550 ఫొటోలని కంపెనీ లెక్క. బాడీ ఒక్కటీ తూస్తే 365 గ్రాములే. మెళ్ళో వేసుకుని రోజంతా తిరిగినా మావాడు మెడ పట్టుకోలేదు. దీన్ని మీరు చిన్న విషయం అనుకోవద్దు. బరువని ఇంట్లో వదిలేసిన కెమేరా, ఎంత ఖరీదైనదైనా ఫొటో తీయదు!

లాడ్ బజారులో ఒక గది

లాడ్ బజారులో గాజుల కొట్ల మీద దీపాలు వెలిగాయి. ఒక సందులోకి తిరిగితే, చిన్న గదిలో ఒకాయన లక్క గాజులు చేస్తున్నాడు. బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబడుతోంది. దాన్ని దారంలా సాగదీసి, చుట్టి, వేడి ఆరకముందే రాళ్ళు అద్దుతున్నాడు. గదిలో వెలుగంతా ఒకే ఒక్క బల్బుది.

"ఫొటో తీసుకోవచ్చా భాయ్?" అని అడిగాను. అడక్కుండా మనిషి మొహం మీదికి కెమేరా ఎత్తకూడదు. అది ఏ కెమేరాకైనా మొదటి పాఠం.

"తీసుకోండి. దీపానికి మాత్రం అడ్డం రావద్దు" అన్నాడాయన, తల ఎత్తకుండానే.

మావాడు మామూలు జూమ్ లెన్స్‌తో మొదలెట్టాడు. జూమ్ పూర్తిగా లాగితే ఆ లెన్స్ కన్ను 5.6 కన్నా పెద్దగా తెరుచుకోదు. షట్టర్ వేగం సెకనులో పదిహేనో వంతుకి పడిపోయింది. గాజులాయన చేతులు పొగలాగా అలుక్కుపోయాయి. పది తీస్తే పదీ అంతే. వాడి మొహం చిన్నబోయింది.

"ఆ పెదవి విరిచిన లెన్స్ పెట్టు" అన్నాను.

35 మిల్లీమీటర్ల ఆ బుల్లి లెన్స్ కన్ను 1.8 దాకా తెరుచుకుంటుంది. 5.6కీ 1.8కీ తేడా కాగితం మీద చిన్నదే గాని, లోపలికి వచ్చే వెలుతురు దాదాపు పది రెట్లు! అదే బల్బు, అదే గది, అదే కెమేరా. షట్టర్ వేగం సెకనులో 125వ వంతు దాటింది. చేతులు నిలిచాయి. వేలి మీద కాలిన మచ్చ, గోరు కింద ఎర్రటి లక్క, రాయిని పట్టుకున్న బొటనవేలు, అన్నీ!

జూమ్ లేదు కాబట్టి వాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముందుకి జరిగాడు. పక్కకి ఒరిగాడు. నేను గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటూనే ఉన్నాను. నలభై నిమిషాలు. చార్మినార్‌కి వాడు ఇచ్చింది అయిదు నిమిషాలే!

బయటికి వచ్చాక లెక్క చూశాం. మొత్తం అరవై రెండు ఫొటోలు. మొహం ఉన్నవి నాలుగే. మిగతావన్నీ చేతులు.

కృష్ణానగర్ పెద్దాయన

రాత్రి ఎనిమిదింటికి కృష్ణానగర్ చేరాం. సినిమా వేషాల కోసం వచ్చినవాళ్ళు, లైట్‌బాయిలు, మేకప్ మనుషులు చాయ్ దుకాణాల దగ్గర రేపటి కాల్‌షీట్ గురించి మాట్లాడుకునే పేట. అక్కడ నాకు తెలిసిన ఒక పెద్దాయన ఉన్నారు. మద్రాసులో కుర్రతనంలోనే స్టిల్స్ పనిలో సహాయకుడిగా చేరి, పరిశ్రమతో పాటు ఇక్కడికి వచ్చేశారు. పేరు రాయవద్దన్నారు గనక రాయడం లేదు.

"మా రోజుల్లో పెద్ద రోలు వేస్తే పన్నెండే ఫొటోలు బాబూ! షాట్ ఓకే అయ్యాక 'స్టిల్!' అని కేకేసేవాళ్ళం. ఆర్టిస్టులు అలాగే నిలబడేవాళ్ళు. హీరోగారికి చిరాకు రాకముందే నొక్కేయాలి. పన్నెండులో మూడు పాడైతే మర్నాడు తిట్లు!" అని నవ్వారు.

మావాడు ధైర్యం చేసి అడిగాడు. "ఇప్పుడు సెట్లో పనికి ఏ కెమేరా కావాలండీ?"

"ఇప్పుడా? షాట్ జరుగుతుండగానే తీయాలి. మాటలు అక్కడికక్కడే రికార్డు చేసే సినిమాల్లో టక్కుమని చప్పుడైతే సౌండువాళ్ళు బయటికి గెంటేస్తారు. అందుకే చప్పుడు లేని షట్టర్ ఉన్న మిర్రర్‌లెస్ వాడుతున్నారు. అందులోనూ తిరకాసుంది. కొన్ని ఎల్ఈడీ దీపాల కింద ఆ చప్పుడు లేని షట్టర్ వాడితే బొమ్మ మీద చారలు పడతాయి. చారలు పడని కెమేరా కావాలంటే లక్షలు పోయాలి. సెట్లో నిన్ను రానిచ్చిన రోజున అది అద్దెకి తెచ్చుకోవచ్చు. నువ్వు కొనేది సెట్లోకి వెళ్ళడానికి కాదు, ఫొటో అంటే ఏమిటో నేర్చుకోవడానికి."

ఆ తర్వాత మాటలు దీపాల మీదికి మళ్ళాయి. 1957 నాటి 'మాయాబజార్'లో మార్కస్ బార్‌ట్లే తెర మీద ఆరబోసిన వెన్నెల గురించి చెప్పారు. బాపుగారి 'ముత్యాల ముగ్గు'కి ఇషాన్ ఆర్య జాతీయ బహుమతి అందుకున్న సంగతి చెప్పారు. ఇక్కడ ఒక చిత్రం చూడండి. 'ముత్యాల ముగ్గు' వచ్చింది 1975లో. సరిగ్గా ఆ ఏడాదే అమెరికాలో కొడాక్ ఇంజనీరు స్టీవెన్ శాసన్ మొట్టమొదటి డిజిటల్ కెమేరా తయారు చేశాడు. బరువు మూడున్నర కిలోల పైనే. బొమ్మ వంద చుక్కల వెడల్పు, వంద చుక్కల ఎత్తు. దాన్ని క్యాసెట్టు టేపు మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు! ఆ ఏడాది మన ఊరి థియేటర్లో కూర్చుని గోదావరి ఒడ్డు వెలుతురు చూసి మురిసిపోయినవాళ్ళకి, ఫిల్ముకి కాలం చెల్లే రోజు ఒకటి అప్పుడే బయల్దేరిందని తెలియదు గదా!

"ఇంతకీ ఏం తీశావు, చూపించు" అన్నారు పెద్దాయన.

ఆయన చార్మినార్ బొమ్మలన్నీ గబగబా దాటేశారు. గాజులాయన చేతుల దగ్గర ఆగారు. కళ్ళజోడు పైకి తోసి, బొమ్మ పెద్దది చేసి చూశారు. చాలాసేపు చూశారు.

"ఇలాంటి చేతులు నీకెక్కడ అలవాటు?"

మావాడు తల దించుకున్నాడు. "మా నాన్నవి అండీ. పెడనలో కలంకారీ అచ్చు కొడతాడు."

"ఆయన్ని ఎప్పుడైనా తీశావా?"

"లేదండీ."

పెద్దాయన కెమేరా తిరిగి వాడి చేతిలో పెట్టారు. "అయితే కెమేరా సంగతి తేలిపోయిందిగా! ఆ గదికి ఏది పనికొస్తుందో అది కొనుక్కో" అన్నారు.

పొద్దున్న ఇరానీ హోటల్లో నేనడిగిన ప్రశ్నకి జవాబు రాత్రి తొమ్మిదింటికి దొరికింది. మేం చేసిన పొరపాటల్లా కెమేరాతో మొదలెట్టడం. ముందు తీయబోయే బొమ్మ తేలాలి. బొమ్మని బట్టి లెన్స్. లెన్స్‌ని బట్టి కెమేరా. ఈ వరస తిరగేస్తేనే నా అల్మారాలో నోరు తెరిచిన కెమేరా లాంటివి మిగులుతాయి.

బేరం

ఆదివారం మధ్యాహ్నం దాకా ఆగి, మళ్ళీ కోఠీ. ఈసారి పాత కెమేరాలు అమ్మే ఒక చిన్న షాపు. డీ 3500, జూమ్ లెన్స్‌తో సహా, డబ్బా, మొదటి యజమాని బిల్లుతో ఉన్నది దొరికింది. ఇరవై ఆరు వేలన్నాడు. సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళ కోసం మేం చూసినవన్నీ చెబుతాను, రాసిపెట్టుకోండి.

ఒకటి, షట్టర్ లెక్క. ఆ కెమేరాతో ఒక ఫొటో తీసి, ఫైలు కంప్యూటర్‌లో తెరిస్తే అప్పటికి ఎన్నిసార్లు నొక్కారో నికాన్ రకాల్లో తెలుస్తుంది. ఈ తరగతి కెమేరాల షట్టర్‌ని లక్షసార్ల లెక్కకి పరీక్షిస్తారు. మాకు దొరికినదాని లెక్క పదకొండు వేలు. అంటే ఇంకా పసిబిడ్డే!

రెండు, లెన్స్ లోపల బూజు. ఫోను టార్చి ఒక వైపు నుంచి వేసి రెండో వైపు నుంచి చూస్తే సాలెగూడులా కనిపిస్తుంది. బందరు లాంటి సముద్రపు గాలి ఊళ్ళకి ఇది మరీ ముఖ్యం. బూజున్న లెన్స్ ఉచితంగా ఇచ్చినా వద్దు.

మూడు, సెన్సర్. లెన్స్ కన్ను 16కి మూసి, ఖాళీ ఆకాశాన్ని తీసి, పెద్దది చేసి చూడాలి. నల్ల మచ్చలు కనిపిస్తే దుమ్ము. దుమ్మైతే దులపవచ్చు, గీతైతే వదిలేయాలి.

నాలుగు, కెమేరా అడుగున ఉన్న నెంబరు, డబ్బా మీది నెంబరు, బిల్లు మీది నెంబరు ఒకటే కావాలి. కాకపోతే ఎవరింటి సొమ్మో ఎవరికి తెలుసు?

అయిదు, మోటారు. ఈ తరగతి నికాన్ డీఎస్ఎల్ఆర్‌లలో ఫోకస్ తిప్పే మోటారు బాడీలో ఉండదు. లెన్స్‌లోనే ఉండాలి. చవకగా వస్తుందని పాత లెన్స్ కొంటే చేత్తో తిప్పుకోవాల్సిందే.

బేరమాడితే ఇరవై మూడున్నర వేలకి దిగాడు. 35 మిల్లీమీటర్ల లెన్స్, అదీ పాతదే, ఎనిమిదిన్నర వేలు. ఏపీఎస్-సీ సెన్సర్ మీద అది సుమారు 52 మిల్లీమీటర్ల చూపునిస్తుంది. మరీ దగ్గరా కాదు, మరీ దూరమూ కాదు. రెండు మెమరీ కార్డులు తొమ్మిది వందలు. వాన తొడుగున్న సంచి పదకొండు వందలు. దుమ్ము ఊదే బుడ్డి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు అయిదు వందలు. వెరసి ముప్ఫై నాలుగున్నర వేలు. మా పేరున బిల్లు రాయించుకున్నాకే డబ్బు ఇచ్చాను. పన్నెండేళ్ళకి బుద్ధి వచ్చిందన్నమాట!

లోపాలు దాచను. ఈ కెమేరాకి బయటి మైకు తగిలించుకునే రంధ్రం లేదు. కాబట్టి మాటలతో వీడియోలు తీసేవాళ్ళు దీని జోలికి పోవద్దు. పెద్ద కంపెనీల చూపంతా ఇప్పుడు మిర్రర్‌లెస్ మీదే. చేతిలో అప్పు చేయని డెబ్భై వేలుంటే నేనూ దానికే ఓటేసేవాణ్ణి. మా దగ్గర ఉన్నవి నలభై. అందులో అయిదున్నర వేలు మిగిలాయి.

"ఆ మిగిలినవి?" అన్నాడు మావాడు, కొత్త సంచీ తడుముకుంటూ.

"రెండు చీటీ వాయిదాలు. మీ అమ్మ చేతిలో పెట్టు."

పెడన నుంచి కబురు

జూన్ చివర్లో వాట్సాప్‌లో ఒక ఫొటో వచ్చింది. పెడన షెడ్డులో తెల్లవారు వెలుతురు. కరక్కాయ నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డ పసుపు రంగులో బల్ల మీద పరిచి ఉంది. దాని మీద టేకు అచ్చు. అచ్చు మీద మా బావ పిడికిలి, దెబ్బ పడబోయే క్షణం. మణికట్టు దాకా నల్లరంగు. చిటికెన వేలి పక్కన కాయ కాసిన చర్మం చెక్కలాగే గీతలు దేరి ఉంది. నేను ఆ ఇంట్లో ఎన్ని పండగలు భోంచేశానో! ఆ చెయ్యి వడ్డించిన లడ్డూలు ఎన్ని తిన్నానో! ఆ కాయ నా కంట పడలేదు.

వెంటనే అక్కకి ఫోను చేశాను.

"చూశావా? మీ బావ దాన్ని చూసి ఏమీ అనలేదురా. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ ఓసారి చూపించమన్నాడు" అంది.

మావాడు సినిమాల్లోకి ఇంకా రాలేదు. వస్తాడో రాడో నేను చెప్పలేను. ప్రస్తుతానికి ఊళ్ళో ఒక వ్యాపారి, పై ఊళ్ళ వాళ్ళకి పంపడానికి చీరల ఫొటోలు తీయించుకుని మూడు వేలిచ్చాడు. జులై నెల చీటీ వాయిదా వాడే కట్టాడట. ఇంకా తొమ్మిది మిగిలాయి.

"మీ బావ ఏమంటున్నాడో తెలుసా?" అంది అక్క ఫోను పెట్టబోతూ. "ఫొటో బాగానే ఉంది గాని, వీడు 'కదలకు నాన్నా' అన్నప్పుడల్లా ఆగడంతో ఆ పూట నాలుగు గజాలు తక్కువ పడ్డాయిట!"